అట్ట లోపల అంటించిన కాగితం



ఈ నెల మన పుస్తకాల ముచ్చట ఒక ఉత్తరంతో మొదలు పెడదాం. తొమ్మిదో తరగతి చదివే ఒక అమ్మాయి వ్రాసింది. వాళ్ళ పెదనాన్నగారి కుటుంబం అమెరికాలో ఉంటున్నది. ఆయన కొడుకు అక్కడ హైస్కూలులో చదువుతున్నాడు. సెలవులకు వచ్చినప్పుడు అతడు ఒక సంగతి చెప్పాడట.

వాళ్ళ ఇంగ్లీషు మేష్టారు ఒక నవల పాఠం చెబుతూ, తరగతికంతా వినబడేటట్టు పైకి చదువుతున్నారు. మధ్యలో నల్లవారిని హీనపరిచే పాడు మాట ఒకటి వచ్చింది. మేష్టారు దాన్ని కూడా తక్కిన మాటలతో పాటు చదివేశారు. అంతే! పిల్లలందరూ తలలు తిప్పి, వెనక వరుసలో కూర్చున్న ఒక్క కుర్రవాడి వంక చూశారు. ఆ తరగతిలో నల్లపిల్లవాడు అతడొక్కడే. అతడు తల వంచుకుని పుస్తకం వంకే చూస్తూ కూర్చున్నాడు. గంట కొట్టేదాకా తల ఎత్తలేదు.

ఆ అమ్మాయి ఇట్లా అడిగింది: "మేష్టారూ, ఆ పుస్తకం చాలా మంచిదని మా అన్నయ్య అంటాడు. మంచి పుస్తకమే అయితే అతడు తల ఎందుకు వంచుకోవలసి వచ్చింది? ఇంతకూ ఆ పుస్తకం బడిలో చెప్పవలసిందేనా, మానవలసిందా?"

చూశారా, ఎంత చిక్కు ప్రశ్నో! అమెరికాలో పెద్ద పెద్ద వాళ్ళే అరవై ఏళ్ళకు పైగా దీన్ని గురించి వాదించుకుంటున్నారు. నాకు తోచిన జవాబు చివర చెబుతాను. ముందు కథ తెలియాలి గదా!

ఆ నవల పేరు 'టు కిల్ ఎ మాకింగ్‌బర్డ్'. వ్రాసినామె హార్పర్ లీ. ఆమె 1926లో అమెరికా దక్షిణ భాగాన ఉన్న అలబామా రాష్ట్రంలో, మన్రోవిల్ అనే చిన్న ఊళ్ళో పుట్టింది. తండ్రి వకీలు. 1960లో ఈ నవల అచ్చయింది. మరుసటి ఏడాదే పులిట్జర్ బహుమతి వచ్చింది. 1962లో సినిమాగా తీశారు. ఇప్పటికి 40కి పైగా భాషలలోకి వెళ్ళింది.

మాకింగ్‌బర్డ్ అంటే అమెరికాలో ఉండే ఒక బూడిదరంగు పిట్ట. తక్కిన పక్షుల కూతలు విని, వాటిని ఒకదాని తరువాత ఒకటిగా తాను కూయడం దాని విద్య. అది మనుషులకు ఏ కీడూ చెయ్యదు, పాట పాడటం తప్ప. అటువంటి పిట్టను కొట్టడం పాపమని ఆ నవలలో పిల్లలకు చెబుతారు. పుస్తకానికి ఆ పేరు అందుకే వచ్చింది.

కథ చెప్పేది స్కౌట్ అనే అమ్మాయి. కథ మొదలయ్యే నాటికి దానికి ఆరేళ్ళు నిండలేదు. జెమ్ అనే అన్న ఉన్నాడు, నాలుగేళ్ళు పెద్ద. తల్లి లేదు. తండ్రి అటికస్ ఫించ్ వకీలు. వంటచేసి, పిల్లల్ని సాకి, తప్పు చేస్తే మందలించేది కల్పూర్నియా అనే నల్లజాతి ఆమె. ఏటా వేసవిలో డిల్ అనే చిన్న నేస్తం ఒకడు ఆ వీధికి వస్తాడు.

ఇదంతా 1933 - 35 సంవత్సరాల నాటి కథ. అమెరికాలో బానిసత్వం 1865లోనే పోయింది. కాని దక్షిణాది రాష్ట్రాలలో చట్టాలు చేసి నల్లవారిని వేరుగా ఉంచారు. బడులు వేరు, రైలుపెట్టెలు వేరు, మంచినీళ్ళ కుళాయిలు కూడా వేరు. "వేరుగా ఉంచినా సమానంగా ఉంటే తప్పులేదు" అన్న అర్థం వచ్చేటట్టు 1896లో అక్కడి సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. వేరుగా ఉంచడం మాత్రం జరిగింది. సమానంగా ఉంచడం ఎన్నడూ జరగలేదు.

నవలలో టామ్ రాబిన్సన్ అనే నల్లజాతి యువకుడి మీద, ఒక తెల్ల అమ్మాయిని కొట్టి దౌర్జన్యం చేశాడని నేరం మోపుతారు. అతని తరఫున వాదించే పని అటికస్ మీద పడుతుంది. ఊళ్ళో చాలామంది అటికస్‌ను తిడతారు. ఆ తిట్లు బడిలో పిల్లల చెవిన కూడా పడతాయి.

ఇక మీరు కాస్సేపు న్యాయాధిపతులు కండి. సాక్ష్యం ఇదీ: ఆ అమ్మాయి ముఖం కుడివైపున కమిలిపోయింది. ఎదురుగా నిలబడి ఎవరినైనా కుడి చెంప మీద కొట్టాలంటే ఏ చెయ్యి వాటంగా ఉంటుంది? మీ చెల్లెల్ని కొట్టకండి సుమా! అద్దం ముందు కూడా వద్దు, అందులో కుడి ఎడమలు తారుమారవుతాయి. ఒక దిండును ఎదురుగా నిలబెట్టి చూడండి. ఎడమచెయ్యి, అవునా? ఇప్పుడు టామ్‌ను చూడండి. అతని ఎడమచెయ్యి చిన్నతనంలో పత్తి గింజలు తీసే మిషనులో పడి నలిగిపోయింది. కుడిచేతికన్నా పొట్టిగా, ఎందుకూ పనికిరాకుండా ఉన్నది. మరి ఆ అమ్మాయి తండ్రిని కోర్టులో పేరు వ్రాయమంటే, అతడు ఏ చేత్తో వ్రాశాడు? ఎడమచేత్తో!

మీరు తీర్పు చెప్పేశారు గదా? జెమ్ కూడా అట్లాగే మనసులో తీర్పు చెప్పేసుకుని, తమ నాన్న గెలిచినట్టే అనుకుంటాడు. కాని తీర్పు చెప్పే జ్యూరీలో ఉన్నవారందరూ తెల్లవారే. వారు టామ్‌దే నేరమని తేలుస్తారు. జెమ్ ఏడుస్తాడు. తరువాత జైలు నుంచి పారిపోబోయిన టామ్‌ను కావలివాళ్ళు కాల్చి చంపుతారు.

ఇది ఒట్టి కల్పన అనుకోకండి. 1931లో అదే అలబామాలో స్కాట్స్‌బరో అనే ఊళ్ళో, రైలులో పోతున్న తొమ్మిదిమంది నల్లజాతి కుర్రవాళ్ళ మీద ఇటువంటి అబద్ధపు నేరమే మోపారు. వారిలో అందరికన్నా చిన్నవాడికి పదమూడేళ్ళు మించవు. ఎనిమిదిమందికి మరణశిక్ష వేశారు. సుప్రీంకోర్టు అడ్డుపడటం వల్ల ఆ శిక్ష అమలు కాలేదు కాని, కుర్రవాళ్ళ జీవితాలు ఏళ్ళ తరబడి జైళ్ళలో కరిగిపోయాయి. నల్లవారిని జ్యూరీలోకి రానివ్వకపోవడం రాజ్యాంగానికి విరుద్ధమని 1935లో సుప్రీంకోర్టు చెప్పింది ఈ కేసులోనే. నిజం రుజువైనంత మాత్రాన న్యాయం జరగదనీ, ఆ నిజాన్ని వినే కుర్చీలలో ఎవరు కూర్చున్నారన్నది కూడా చూడాలనీ ఈ కథవల్ల తెలుస్తుంది.

నవలలో ఇంకొక చిన్న ఘట్టం ఉన్నది. అది మన తెలుగు పిల్లలకు ఎవరూ విడమరచి చెప్పనక్కరలేదు. కోర్టులో అవతలి వకీలు టామ్‌ను ప్రశ్నిస్తూ, "కుర్రాడా" అని పిలుస్తాడు. టామ్‌కు ఇరవై అయిదేళ్ళు. పెళ్ళయింది, ముగ్గురు బిడ్డల తండ్రి. ఆ మాట తీరు విని డిల్ భోరున ఏడుస్తాడు. వాణ్ణి బయటికి తీసుకుపోవలసి వస్తుంది. వాడు ఏడ్చింది తీర్పు విని కాదు. తీర్పు అప్పటికి రానేలేదు. ఒక మనిషిని అట్లా పిలవడం విని!

ఇంగ్లీషులో నువ్వు అన్నా, మీరు అన్నా ఒకటే మాట. మనకు అట్లా కాదు. "ఒరేయ్" అనేదెవరిని, "ఏమండీ" అనేదెవరిని, వయసులో పెద్దవాణ్ణి పట్టుకుని "నువ్వు" అనేదెప్పుడు - ఇవి మనకు ఉగ్గుపాలతో వస్తాయి. తాత వయసున్న పాలేరును ఆసామి కొడుకు "ఏరా" అనడం మన పల్లెలు ఎరగనిది కాదు. డిల్ ఎందుకు ఏడ్చాడో మీకు తెలుసు.

సరే, ఇక తగువు సంగతి. 1966లో వర్జీనియా రాష్ట్రం హానోవర్ కౌంటీలో బడుల పెత్తందారులు ఈ నవల నీతి బాహ్యమైనదని, బడి లైబ్రరీల నుంచి తీసెయ్యమన్నారు. దగ్గరి రిచ్మండ్ నగరపు పత్రిక ఒకటి, అడిగిన పిల్లలకు ఆ పుస్తకం ఉచితంగా పంపిస్తామన్నది. హార్పర్ లీ ఆ పత్రికకు వెటకారంగా ఒక ఉత్తరం వ్రాసి, పెత్తందారులను ఏదైనా ఒకటో తరగతిలో చేర్పించడానికని 10 డాలర్లు జతచేసింది!

కాని అన్ని అభ్యంతరాలూ అటువంటివి కావు. ఆ పాడుమాట ఈ నవలలో దాదాపు 50 సార్లు వస్తుంది. నల్లపిల్లల తల్లిదండ్రులు ఎందరో, "ఆ మాట మా బిడ్డలు బడిలో వినాలా?" అన్నారు. మిసిసిపీ రాష్ట్రం బిలాక్సీలో 2017లో ఎనిమిదో తరగతి పాఠాలనుంచి ఈ నవలను తొలగించారు. 2022లో వాషింగ్టన్ రాష్ట్రంలోని మకిల్టియోలో తొమ్మిదో తరగతివారు తప్పనిసరిగా చదవాలన్న నియమం తీసేశారు. ఇంకొక మాట కూడా కొందరు అంటారు: ఈ కథలో దెబ్బ తిన్నవాడు టామ్, కాని కథంతా తెల్ల అమ్మాయి కళ్ళతో చూస్తాం. టామ్ బిడ్డలు ఆ రాత్రి ఇంట్లో ఏమనుకున్నారో మనకు తెలియదు.

ఈ మాట నాకు సబబుగానే తోచింది. అందుకని మీకు రెండో పుస్తకం చూపిస్తాను. దాని పేరు 'రోల్ ఆఫ్ థండర్, హియర్ మై క్రై'. వ్రాసినామె మిల్‌డ్రెడ్ టేలర్, నల్లజాతి రచయిత్రి. 1943లో మిసిసిపీలో పుట్టి, ఉత్తరాన ఒహాయోలో పెరిగింది. బడిలో చరిత్ర పాఠాలలో తమవారి గురించి ఉన్నది ఒకటి, ఇంట్లో తండ్రి చెప్పే కథలలో విన్నది ఒకటి. ఆ విన్న కథలతోనే ఆమె నవలలు వ్రాసింది. ఈ నవల 1976లో వచ్చింది. 1977లో, పిల్లల పుస్తకాలకు అమెరికాలో ఇచ్చే న్యూబరీ పతకం దీనికి లభించింది.

ఇది కూడా 1933లో మొదలయ్యే కథే. అలబామా పక్కనే ఉన్న మిసిసిపీలో జరుగుతుంది. కథ చెప్పేది కాసీ లోగన్ అనే తొమ్మిదేళ్ళ నల్లపిల్ల. స్కౌట్ వంటిదే, నోరు గలది, భయం లేనిది. ఒకే కాలం, పక్క పక్క రాష్ట్రాలు, ఇద్దరూ గడుగ్గాయిలే. కాని స్కౌట్ చూసేది ఇతరులకు జరిగే అన్యాయం. కాసీకి జరిగేది తనకే.

తెల్లపిల్లలకు బడి బస్సు ఉన్నది. కాసీ, దాని అన్నదమ్ములు నడిచి పోవాలి. వానలో ఆ బస్సు వాళ్ళ మీద బురద చిమ్ముతూ పోతుంది. పత్తి పనులకు పిల్లలు కావాలి కాబట్టి నల్లవారి బడి అక్టోబరులో తెరిచి మార్చిలో మూసేస్తారు.

బడి తెరిచిన మొదటి రోజు. కాసీ తమ్ముడికి ఆరేళ్ళు. పేరు క్లేటన్ చెస్టర్, కాని అందరూ 'లిటిల్ మ్యాన్' అంటారు. అంటే చిట్టి దొరగారన్న మాట. వాడికి శుభ్రత ఎక్కువ. దారిలో బూట్లకు మట్టి అంటితే ఆగి తుడుచుకునే రకం. ఆ రోజు బడిలో మొట్టమొదటిసారి పాఠ్యపుస్తకాలు పంచారు. పిల్లలు సంబరపడిపోయారు. తీరా చూస్తే లిటిల్ మ్యాన్‌కు వచ్చినది మాసిపోయి, చిరిగిపోయి ఉన్నది. వేరేది ఇవ్వమన్నాడు. పంతులమ్మ కసిరింది. వాడు పుస్తకం తెరిచాడు. అట్ట లోపల ఏదో చూశాడు. చూసి, పుస్తకాన్ని నేలకు కొట్టి కాళ్ళతో తొక్కాడు!

కాసీ ఆ పుస్తకం తీసి చూసింది. అట్ట లోపల ఒక పట్టీ అంటించి ఉన్నది. ఏ సంవత్సరం, పుస్తకం ఏ స్థితిలో ఉండగా, ఏ జాతి పిల్లలకు ఇచ్చారో వరుసలు వరుసలుగా వ్రాశారు. మొదటి 11 వరుసలలోనూ తెల్లపిల్లలే. కొత్తగా ఉన్నప్పుడు వారికి, కాస్త నలిగినప్పుడు వారికి, పాతబడ్డా వారికే. పుస్తకం పూర్తిగా పాడైపోయాక 12వ వరుసలో నల్లపిల్లల వంతు వచ్చింది. అక్కడ వారి జాతిని తెలిపే చోట హీనమైన మాట వ్రాసి ఉన్నది. ఆరేళ్ళవాడు దాన్ని కూడబలుక్కుని చదివాడు.

కాసీ వెళ్ళి పంతులమ్మకు ఆ పట్టీ చూపించింది. పంతులమ్మ కూడా నల్లజాతి ఆమే. చూస్తే అర్థం చేసుకుంటుందని కాసీ ఆశ. కాని ఆమె, మీరు అదే గదా అన్నట్టు మాట్లాడి ఇద్దరినీ బెత్తంతో కొట్టింది.

ఆ బడిలోనే పై తరగతికి పాఠం చెప్పేది వాళ్ళ అమ్మ. పంతులమ్మ పోయి ఆమెకు ఫిర్యాదు చేసింది. అమ్మ కోప్పడలేదు, బిడ్డల్ని దండించలేదు. పట్టీకి సరిపడేటట్టు తెల్లకాగితం కత్తిరించి, జిగురు రాసి, ఆ రెండు పుస్తకాల అట్టల లోపల అంటించింది. తరువాత తన తరగతి పుస్తకాలన్నిటికీ అట్లాగే అంటించడం మొదలుపెట్టింది. లోకం తీరు పిల్లలు నేర్చుకోవద్దా అని పంతులమ్మ అంటే, తెలుసుకోవడం వేరు, ఒప్పుకోవడం వేరు అన్నట్టు జవాబు చెప్పింది.

దీని ఫలితం ఏమైందో తెలుసా? కొన్ని నెలల తరువాత బడి పెత్తందారులు తనిఖీకి వచ్చారు. ఆమె ఆ వేళ బానిసత్వం గురించి, పాఠ్యపుస్తకంలో లేని సంగతులు చెబుతున్నది. ఆమె చెప్పేది పుస్తకంలో లేదన్నారు. అంటించిన కాగితాలు చూశారు. ఆమె ఉద్యోగం ఊడింది. నాలుగు ముక్కల తెల్లకాగితానికి అంత ఖరీదు పడింది!

ఇప్పుడు మన అమ్మాయి ప్రశ్నకు వద్దాం. కాసీ అమ్మ నిజాన్ని దాచిందా? లేదు. పిల్లలు ఆ పట్టీని అప్పటికే చదివారు. బానిసత్వం గురించి పుస్తకంలో లేనిది కూడా ఆమె చెప్పింది. ఆమె చేసినది ఒక్కటే: చదువుకుందామని పుస్తకం తెరిచిన ప్రతిసారీ ఆ బిడ్డ ముఖాన ఆ మాట తగలకుండా చేసింది.

హైస్కూలులో ఇటువంటి నవల పాఠం చెప్పే మేష్టారు కూడా అదే చెయ్యాలని నా అభిప్రాయం. పుస్తకం చెప్పవలసిందే. అన్యాయం ఎట్లా జరిగిందో దాచకుండా చెప్పవలసిందే. కాని ముందుగా ఆ పాడు మాట పుట్టుపూర్వోత్తరాలు చెప్పాలి. దాన్ని కంటితో చదువుకుంటే చాలు, పైకి చదవనక్కరలేదని తరగతికి చెప్పాలి. నేను ఈ కథలు రెండూ మీకు చెప్పాను, ఆ మాట ఒక్కసారి కూడా వ్రాయలేదు. మీకు అర్థం కానిది ఏమైనా మిగిలిందా? మీ తాతగారి కాలపు తెలుగు పుస్తకాలలో 'నీగ్రోలు' అని కనబడుతుంది. అప్పట్లో అది మామూలు మాట. ఇప్పుడు ఆ ప్రజలు దాన్ని ఇష్టపడరు కాబట్టి మనం వాడం. ఒకరిని ఏమని పిలవాలో వారినే అడగడం మర్యాద.

రెండోది, తరగతిలో ఒక్కడే ఉన్న పిల్లవాణ్ణి "నీకేమనిపిస్తుంది?" అని లేపి నిలబెట్టకూడదు. వాడు తనవారందరి తరఫునా వకాల్తా పుచ్చుకుని రాలేదు, పాఠం నేర్చుకోవడానికి వచ్చాడు. మూడోది, స్కౌట్ పక్కన కాసీని కూడా కూర్చోబెట్టాలి. ఒకే సంగతిని చూసినవారు ఎట్లా చెబుతారు, పడ్డవారు ఎట్లా చెబుతారు అని పిల్లలచేత పోల్చి చూపించాలి. అప్పుడు వెనక వరుసలోని కుర్రవాడు పుస్తకంలో తనవంటివాళ్ళను, బెత్తం దెబ్బలు తిన్నా తల ఎత్తి మాట్లాడేవాళ్ళను చూస్తాడు.

అమెరికాలో బడులు వేరుగా ఉంచడం చెల్లదని 1954లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. మన దేశంలో అస్పృశ్యత 1950లో అమలులోకి వచ్చిన రాజ్యాంగంతో నేరమైంది. ఆ రాజ్యాంగ రచనకు పెద్దగా నిలిచిన అంబేద్కరు గారు చిన్నప్పుడు బడిలో తక్కిన పిల్లలతో కలిసి కూర్చోలేదు. తన గోనెపట్టా ఇంటినుంచి తెచ్చుకుని, దానిమీద విడిగా కూర్చునేవారు. దాహమైతే కుళాయి ముట్టకూడదు, బంట్రోతు తిప్పితేనే నీళ్ళు. జాతి, కులం ఒకటే అని నేను అనను. కాని లిటిల్ మ్యాన్ పుస్తకాన్ని ఎందుకు తొక్కాడో అర్థం చేసుకోవడానికి మనం సముద్రాలు దాటనక్కరలేదు.

పెద్దలకు ఒక మాట. "చిన్నపిల్లలకు ఇటువంటి బాధాకరమైన కథలెందుకు?" అని మీరు అడగవచ్చు. లిటిల్ మ్యాన్ వయసు ఆరేళ్ళు. తక్కువగా చూడబడే పిల్లలకు ఈ సంగతి చాలా చిన్నతనంలోనే తెలిసిపోతుంది. తెలియకుండా పెరిగేది రెండోవైపు పిల్లలే. హైస్కూలు వయసు వచ్చాక వారికి తెలియడమే మేలు. మీరు కూడా ఆ పుస్తకం చదవండి. పిల్లలతో మాట్లాడండి.

పిల్లలూ, ఈ నెల మీకు ఒక పని. మీ బడిలో, మీ వీధిలో, మీ ఇంట్లో వయసుకు పెద్దవారైనా "నువ్వు" అనిపించుకుంటున్న వాళ్ళెవరో వారం రోజులు గమనించండి. ఎవరిని, ఎవరు, ఎందుకు అట్లా పిలుస్తున్నారో ఒక కాగితం మీద వ్రాసుకోండి. ఆ తరువాత వారిలో ఒక్కరిని "మీరు" అని పిలిచి చూడండి. ఏం జరిగిందో నాకు ఉత్తరం వ్రాయండి.

ఉత్తరం వ్రాసిన అమ్మాయీ, మీ అన్నయ్యకు ఒక మాట చెప్పు. ఆ రోజు వెనక్కు తిరిగి చూసిన తలలలో తనది కూడా ఉన్నదో లేదో అతనికే తెలుసు. ఉంటే, ఈసారి బడి తెరవగానే వెనక వరుసకు పోయి ఆ కుర్రవాడి పక్కన కూర్చోమను. ఏమీ మాట్లాడకపోయినా ఫరవాలేదు.

ఆశీస్సులతో,
మీ మేష్టారు